ఆఁ అన్నాడు

మా ఇంట్లో ఎక్కువ మాట్లాడేది నేను. తక్కువ మాట్లాడేది మా తమ్ముడు. నేను గంటసేపు చెప్పింది విని వాడు "ఆఁ" అంటాడు. ఆ ఒక్క అక్షరంతో నలభై ఆరేళ్ళు నెట్టుకొచ్చాడు మహానుభావుడు. అవుననాలన్నా ఆఁ, ఇంకా చెప్పమనాలన్నా ఆఁ, ఏమన్నావని అడగాలన్నా ఆఁ. సాగదీస్తే ఒక అర్థం, తెగ్గొడితే ఇంకో అర్థం. ఎప్పుడు ఏదో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని నా గొప్ప.

వాడు కార్లు బాగుచేస్తాడు. ఏడాదికి ఆరుసార్లు పాత కార్ల పందెంలో నడుపుతాడు. నేను షెడ్డు మీది గదిలో కార్ల సీట్లు కుడతాను. పందెం రోజున మాత్రం నా పని వేరు. ట్రాకు పక్కన గోడ దగ్గర నిలబడి, నోటి ముందు మైకు పెట్టుకుని, హెల్మెట్‌లో ఉన్న వాడి చెవిలో మాట్లాడుతూ ఉంటాను. ముందెవరున్నారు, వెనక ఎవరు తరుముకొస్తున్నారు, పోయిన చుట్టుకంటే ఎంత వెనకబడ్డాడు, ఎక్కడ బ్రేకు తొక్కాలి, ఎక్కడ తొక్కకూడదు. కారు మలుపు తిరిగి కనబడకుండా పోయినా ఇంజను మోతను బట్టి ఎక్కడున్నాడో చెప్పగలను. పదకొండేళ్ళుగా అదే పని. మిగతా జట్ల వాళ్ళు నన్ను రేడియో అక్క అనేవారు. చాటున వాగుడుకాయ అనేవారని కూడా తెలుసు. అననీ, నాకేం పోయింది.

అసలు సంగతి ఒక ఏడాది ఆఖరి పందెం రోజుల్లో మొదలైంది. ఒక డ్రాయింగ్ మాస్టారు స్కూటరు సీటు కుట్టించుకోవడానికి మా షెడ్డుకు వచ్చాడు. నెల తిరక్కుండా సీటు చిరిగిందని మళ్ళీ వచ్చాడు. నేను కుట్టిన సీటు నెలకు చిరుగుతుందా? బ్లేడుతో కోసిన గీత తిన్నగా కనబడుతూనే ఉంది, ఎంతైనా డ్రాయింగ్ మాస్టారు కదా. మూడోసారి వచ్చినప్పుడు, "ఎందుకండీ పాపం ఆ సీటుని హింసిస్తారు? చెప్పదల్చుకున్నదేదో చెప్పెయ్యండి" అన్నాను. చెప్పేశాడు. భార్య పోయి ఆరేళ్ళయిందట, వేరే ఊరికి బదిలీ అయిందట, నేను పెళ్ళి చేసుకుని తనతో వస్తే బాగుంటుందట. నాకప్పటికి యాభై ఒకటి. ఆ వయసులో చెవులు వేడెక్కుతాయని నాకు తెలియదు. వారం గడువడిగాను.

తమ్ముడిని అడగాలి. ఎలా అడగను? ఎదురెదురుగా కూర్చుని అలాంటివి మాట్లాడుకోవడం మా ఇంటా వంటా లేదు. పందెం ముగిశాక కార్లన్నీ నెమ్మదిగా ఇంకో చుట్టు తిరిగి లోపలికి వస్తాయి. ఆ చుట్టులో వాడు ఒంటరిగా ఉంటాడు, వాడి చెవిలో నేను ఉంటాను. అప్పుడడిగాను.

"ఒరేయ్, ఆ డ్రాయింగ్ మాస్టారు నన్ను పెళ్ళి చేసుకుంటానంటున్నాడు. నేను నీ దగ్గరే ఉండాలా, వెళ్ళాలా? ఉండమంటే ఆఁ అను. వెళ్ళమంటే ఏమీ అనకు, నేనే అర్థం చేసుకుంటా."

నా మాట అలా పూర్తయిందో లేదో, "ఆఁ" అన్నాడు. తెగ్గొట్టినట్టు, గట్టిగా.

మాస్టారికి కుదరదని చెప్పేశాను. బాధ పడలేదంటే అబద్ధం. కానీ బాధకంటే సంతోషమే ఎక్కువ వేసింది. పుట్టి బుద్ధెరిగాక నన్ను ఉండమన్నవాళ్ళు లేరు. అందరికీ పనుంటే వెళ్ళాను, పనయ్యాక ఇంటికొచ్చాను. వీడు మాత్రం ఒక్క క్షణం ఆలోచించకుండా ఉండమన్నాడు. చలికాలమంతా ఆ ఆఁని తల్చుకుంటూ సీట్లు కుట్టాను.

ఆ తర్వాత వచ్చిన సీజన్లో తొలి పందేనికి నెల ముందు, షెడ్డుకు ఒక ఇంజనీరమ్మ వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి, పెన్సిలు చివర నములుతూ ఉంటుంది. మా కారు స్టీరింగు వెనక ఒక చిన్న పెట్టె బిగిస్తోంది. తమ్ముడు పక్కన నిలబడి స్క్రూలు అందిస్తున్నాడు. నాతో ఒక్క ముక్క చెప్పలేదు.

"ఏంటమ్మాయ్ ఇది?" అన్నాను.

"హెడ్-అప్ డిస్‌ప్లే అక్కా."

"హెడప్పో తలనొప్పో, ఏం చేస్తుందది?"

ఆ పిల్ల నవ్వి, నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి స్విచ్చి వేసింది. ఎదురద్దంలో ఆకుపచ్చ అంకెలు వెలిగాయి. అద్దం మీద రాసినట్టు లేవవి. బానెట్టు దాటి, ఎదురుగా గాల్లో తేలుతున్నట్టున్నాయి.

"వేగం, గేరు, పోయిన చుట్టుకంటే ఎంత ముందున్నాడో ఎంత వెనకున్నాడో, అన్నీ అక్కడే పడతాయి. కింద మీటర్లు చూడ్డానికి తల దించక్కర్లేదు. దగ్గరికోసారి, దూరానికోసారి చూపు మార్చుకోనక్కర్లేదు. గంటకి నూట అరవైలో పోతున్నప్పుడు ఒక్క సెకను తల దించితే నలభై నాలుగు మీటర్లు కళ్ళు మూసుకుని నడిపినట్టే కదా."

"వాడు తల దించక్కర్లేకుండానే కదమ్మా పదకొండేళ్ళుగా నేను గొంతు చించుకుంటోంది!"

తమ్ముడు నా మొహంలోకే చూస్తున్నాడు. ఈ మధ్య వాడికి ఆ అలవాటయింది, నేను మాట్లాడుతుంటే కళ్ళార్పకుండా చూస్తాడు. పెద్దాడయ్యేసరికి అక్క మాటకి విలువ తెలిసిందని మురిసిపోయేదాన్ని.

"నువ్వు మాట్లాడుతూనే ఉండక్కా. ఇదీ ఉంటుంది, నువ్వూ ఉంటావు" అన్నాడు.

"ఆహా. కూరలో కరివేపాకులాగా నేనూ ఉంటానన్నమాట."

వాడు నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. అన్నీ అద్దమే చెబుతుంటే ఇక నేను దేనికి? నాతో పనిలేని రోజున, ఉండమన్నందుకు వాడే చింతిస్తాడేమో. అది ఒక్కటే భయం నాకు. పైకి మాత్రం ఆ పెట్టె మీద కోపంగా కనబడేది.

మర్నాడు ఇంజనీరమ్మ ట్రాకు పటం తెచ్చి నా కుట్టుబల్ల మీద పరిచింది. మలుపు మలుపుకీ నేను ఏం చెబుతానో చెప్పాలట, దాన్ని బట్టి అద్దం మీద ఏం పడాలో నిర్ణయిస్తుందట. అంటే నా గొయ్యి నేనే తవ్వుకోవాలి. అయినా అడిగితే చెప్పకుండా ఉండగలనా, నోరుందిగా.

"ఇది ముసలమ్మ నడుము" అన్నాను, రెండో మలుపు మీద వేలు పెట్టి. "చూడ్డానికి ఒంగినట్టే ఉంటుంది గానీ గట్టిది, బ్రేకు అక్కర్లేదు. ఇక్కడ 'పోనీ పోనీ' అంటాను. ఇదేమో అత్తగారి మలుపు. అయిపోయిందనుకుంటే మళ్ళీ తిరుగుతుంది. ఇక్కడ నూరు మీటర్ల ముందు నుంచి 'చాలు' అంటాను. చాలంటే కాలు తీసి బ్రేకు మీద వెయ్యాలి."

ఆ పిల్ల పెన్సిలు నోట్లోంచి తీసి రాసుకుంది. "చాలు అన్నదానికి ఎడమపక్క ఒక గీత పెడతా. తరుగుతూ వస్తుంది, అయిపోగానే బ్రేకు."

"ఆ తర్వాత మలుపులో 'ఓపిక పట్టు' అంటాను. దానికేం గీస్తావు?"

పెన్సిలు మళ్ళీ నోట్లో పెట్టుకుని తీసింది. "ఏమీ గీయను అక్కా. మలుపులో అద్దం ఖాళీగా ఉండాలి. కళ్ళు మలుపు చివరికి వెళ్ళాలి గానీ అంకెల దగ్గర ఆగకూడదు. కంటి ముందు మరీ ఎక్కువ పెడితే అసలు లేకపోవడమే నయం."

ఆ మాటకి మాత్రం ఆ పిల్ల మీద గౌరవం కలిగింది. నేనూ మలుపుల్లో నోరు మూసుకుంటానని చెప్పలేదు గానీ, మూసుకుని ఉండాల్సిందని నాకూ తెలుసు. నేను చెప్పినవాటిలో పద్దెనిమిది కొట్టేసి, చివరికి మూడు ఉంచింది. గేరు మార్చాల్సినప్పుడు వెలిగే చుక్క, బ్రేకు గీత, తిన్నని దారి మీద మాత్రం ముందున్నాడా వెనకున్నాడా అన్న అంకె. నా పదకొండేళ్ళ వాగుడు మూడు గుర్తుల్లో ఇమిడిపోయింది.

తొలి పందెంలో వాడి సమయం చుట్టుకి సెకనున్నర తగ్గింది. క్రితం ఏడాదంతా వెనకబడుతూ వచ్చినవాడు, వయసు మీద పడిందని నేను సరిపెట్టుకున్నవాడు, కుర్రాళ్ళను దాటేశాడు. రెండో పందెంలో ఇంకా బాగా నడిపాడు. చప్పట్లు కొట్టాను. నిజం చెప్పొద్దూ, కొడుతూనే కుళ్ళుకున్నాను. అయినా మాట్లాడటం మాత్రం మానలేదు. అద్దం చెప్పనివి చెబుదామని మబ్బు పట్టిందనీ, నాలుగో నంబరు కారు పొగ కక్కుతోందనీ, సాయంత్రం దారిలో సూదులు కొనాలనీ చెప్పేదాన్ని. ఆఁ అనేవాడు. ఆ మాత్రం చాలు నాకు.

మూడో పందెం పొద్దు వాలే వేళకి జరిగింది. తొమ్మిదో చుట్టులో కారు అత్తగారి మలుపు వైపు తిరిగింది. సూర్యుడు సరిగ్గా ఎదురుగా ఉన్నాడు. "చాలు" అన్నాను. మోత తగ్గలేదు. "చాలు, చాలు! ఒరేయ్ చాల్రా!" అని గోడ మీద చేత్తో బాదాను. "ఆఁ" అన్నాడు. అని, తిన్నగా పోయి కంకరలో పడ్డాడు.

దెబ్బలేం తగల్లేదు. ముందు చక్రం ఒకటి వంకరపోయింది, అంతే. కారుని లాక్కొచ్చాక వాడు హెల్మెట్ తీసి, "ఎండకి అద్దం మీద ఏమీ కనబడలేదు" అన్నాడు.

"కనబడకపోతే నేను లేనా? చాలు చాలని చచ్చేలా అరిచానుగా!"

వాడు నా మొహం చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. "రేడియో పనిచెయ్యలేదు" అన్నాడు.

ఇంజనీరమ్మ రేడియో విప్పి చూసింది. శుభ్రంగా ఉంది. పందెంలో మేం మాట్లాడుకునేదంతా ఆ పిల్ల పెట్టెలో రికార్డవుతుందట, నాకు తెలియదు. సామాను సర్దే గదిలో నన్నొక్కదాన్నే కూర్చోబెట్టి వినిపించింది. నా గొంతు, చాలు చాలు, కాస్త ఊపిరి, ఆఁ. మళ్ళీ నా గొంతు, సూదులు కొనాలి, కాస్త ఊపిరి, ఆఁ. ముసలమ్మ నడుము దగ్గర నా గొంతు, ఊపిరి, ఆఁ.

"అక్కా, నేను తప్పుగా అనుకుంటున్నానేమో" అంది నేల చూస్తూ. "మీరు ఆగినప్పుడల్లా ఆయన ఆఁ అంటున్నారు. మీరేమన్నా సరే."

నేను ఏమీ మాట్లాడలేదు. అది నాకు కొత్త.

ఇంటికొచ్చాం. వాడు కుళాయి దగ్గర అటు తిరిగి చేతుల గ్రీజు కడుక్కుంటున్నాడు. వెనక నాలుగడుగుల దూరంలో నిలబడి మామూలు గొంతుతో, "ఒరేయ్, ఇల్లు అంటుకుంది" అన్నాను.

వాడు కడుక్కుంటూనే ఉన్నాడు. కొంచెం గట్టిగా అన్నాను. "ఆఁ" అన్నాడు, సబ్బు కోసం వెతుక్కుంటూ.

తువ్వాలు తీసుకుని ఇటు తిరిగి నన్ను చూసేసరికి వాడికి అర్థమైపోయింది. తువ్వాలు పట్టుకునే కూర్చుండిపోయాడు.

"ఎప్పట్నించి?" అన్నాను.

"ఎడమ చెవి పోయి మూడేళ్ళయింది. కుడిది కొంచెం ఉంది. ఇంట్లో నీ పెదాలు చూస్తే తెలుస్తుంది. హెల్మెట్ పెట్టుకుంటే ఏం లేదు, నీ గొంతు గీమని ఒక మోత. పోయినేడాదంతా అంతే."

"మరి ఆఁ ఆఁ అని చచ్చావు కదరా?"

"నువ్వు ఆగితే ఆ మోత ఆగేది. అప్పుడు ఏదో ఒకటి అనకపోతే కంగారు పడతావుగా." తువ్వాలు మడుస్తూ, "చెబితే నడపనివ్వవనుకున్నా. అందుకే ఆ అద్దం పెట్టించా" అన్నాడు.

ఏడాదిపాటు నేను గోడతో మాట్లాడాను. గోడ పక్కన నిలబడి గోడతోనే మాట్లాడాను. వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. ఇంజన్ల దగ్గర చెవులకు దూది పెట్టుకోరా అని ఇరవై ఏళ్ళు మొత్తుకున్నాను కదా, వింటేగా! వాడు నా పెదాలు చూస్తూ తిట్లన్నీ ఒక్కటి కూడా వదలకుండా అందుకున్నాడు. చివర్లో ఇద్దరం ఏడ్చాం. కానీ ఆ ఆఖరి చుట్టు సంగతి ఎత్తలేదు నేను. ఎత్తితే ఏం వినాల్సి వస్తుందో అని నోరు రాలేదు.

పందేలు నడిపేవాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ట్రాకు మీద సైగలకి వాడే జెండాలు కంటితో చూసేవే కనుక నడపొచ్చన్నాడు, కాకపోతే ముందుగా చెప్పి కాగితం మీద రాయించుకోవాలట. ఇంజనీరమ్మ ఎండకి తట్టుకునేలా వెలుగు పెంచింది, పైన ఒక నల్లటి పట్టీ అంటించింది. ట్రాకు మీద ఎక్కడ ప్రమాదమని పసుపు జెండా లేచినా అద్దంలో పసుపు చుక్క వెలిగేలా చేసింది. వెనక కారు దగ్గరికొస్తే ఏ పక్క నుంచో ఆ పక్క గీత వెలుగుతుంది. నేను నోటితో చెప్పినదానికంటే ముందే వాడికి తెలిసిపోయేది. తలనొప్పి అన్నాను గానీ, ఆ పెట్టె లేకపోతే మా వాడు ఆ సీజన్తోనే కారు దిగిపోయేవాడు. ఆ మాట ఇంజనీరమ్మతో కూడా అన్నాను.

మిగిలిన మూడు పందేలకీ గోడ దగ్గరే నిలబడ్డాను. చేతులు ఏం చేసుకోవాలో తెలిసేది కాదు. నోటిదాకా వచ్చిన 'పోనీ పోనీ' మింగేసేదాన్ని. కారు రెండు సెకన్లు కనబడేది, పోయేది, తర్వాత నిమిషమున్నర నేనూ ఎండా. పక్క జట్టువాళ్ళు "రేడియో అక్క చెడిపోయిందా?" అని వేళాకోళం చేశారు. ఎప్పుడైతే వాళ్ళకు తగ్గ జవాబు చెప్పాలనిపించలేదో, అప్పుడు తెలిసింది నాకు ఒంట్లో ఎంత బాగాలేదో. ఆఖరి పందెంలో వాడు మూడోవాడిగా వచ్చాడు. పదకొండేళ్ళలో వాడికి బహుమతి రావడం అదే మొదటిసారి. అందరూ వాణ్ణి ఎత్తుకున్నారు. వాడు ఆ గుంపులో నాకోసం చూస్తున్నాడు. చెయ్యి ఊపాను.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం భోజనానికి కూర్చున్నాం. వాడు హుషారుగా ఉన్నాడు. ఇక ఆగలేక అడిగేశాను.

"పోయినేడాది ఆఖరి పందెం అయ్యాక, లోపలికొచ్చే చుట్టులో నిన్నొకటి అడిగాను. ఆఁ అన్నావు."

"టైర్లు ఎలా ఉన్నాయనేగా? ఎప్పుడూ అడిగేదేగా."

"కాదు." మాస్టారి సంగతంతా చెప్పాను. సీటు కోయడం దగ్గర్నుంచి, నేను ఏమడిగానో, వాడు ఏమన్నాడో, మాట మాటా చెప్పాను. వాడు ముద్ద నోటి దాకా తెచ్చి అలాగే పట్టుకున్నాడు.

"అయ్యో అక్కా! వినబడి ఉంటే వెళ్ళమనేవాణ్ణి కదా!" అన్నాడు. చెవులు లేనివాడు కదా, వీధిలో వాళ్ళకు వినబడేంత గట్టిగా అన్నాడు. "నాకేంటి, నేను వండుకోలేనా? చిన్నపిల్లాణ్ణా? నీ బతుకు నువ్వు చూసుకోవద్దూ?"

మంచి మాటే. నామీద ప్రేమతోనే అన్నాడు, పాపం. చెవుడు దాచినందుకు ఎప్పుడో క్షమించేశాను వాణ్ణి. ఈ మాటకు మాత్రం ఎక్కడో తెగిపోయింది. నన్ను ఉండమన్న మనిషి లోకంలో ఒక్కడున్నాడని ఏడాదిపాటు కడుపులో దాచుకుని బతికాను. వాడూ అనలేదు. ఎవ్వరూ అనలేదు.

"ఇప్పుడు మాత్రం మించిపోయిందేముంది?" అన్నాడు. "ఉత్తరం రాయి. నేనే కార్లో తీసుకెళ్ళి దింపుతా."

నేను నా పళ్ళెం తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాను. మాస్టారికి మూడు నెలల కిందటే పెళ్ళయింది. శుభలేఖ పంపించాడు, మర్యాదస్తుడు. దాని మీది పువ్వులు తనే గీసుకున్నట్టున్నాడు.

"ఆయనకి పెళ్ళయిపోయిందిరా" అన్నాను, వాడికి వీపు పెట్టి. "ఇక నన్ను రమ్మనేవాళ్ళూ లేరు, ఉండమనేవాళ్ళూ లేరు."

పళ్ళెం కడగడం అయ్యేదాకా అటే నిలబడ్డాను. తర్వాత చేతులు తుడుచుకుని వచ్చి, వాడికి ఎదురుగా కూర్చున్నాను. వెలుతురు నా మొహం మీద పడేలా కొంచెం జరిగాను.

"ఆలోచిద్దాంలే" అన్నాను, పెదవులు బాగా కదుపుతూ.

"అదీ మాటంటే!" అని వాడి మొహం విచ్చుకుంది. ఆ పూట ఇంకో నాలుగు ముద్దలు ఎక్కువే తిన్నాడు.